బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడట!

బ్యాట్‌మ్యాన్ ఎవరినీ చంపడని, చంపితే అతడు వీరుడే కాడని వాదించే అభిమానులను చూస్తే నాకు ఓపిక నశిస్తోంది. 1939లో వెలువడిన మొట్టమొదటి కామిక్స్ కథలోనే అతడు ఒక దుర్మార్గుణ్ణి గుద్ది ఆమ్లపు తొట్టెలో పడేసి, తగిన శాస్తి జరిగిందన్నట్టు మాట్లాడాడు. చంపకూడదన్న నియమం ఆ తరువాత సంపాదకులు పెట్టినది. ఈ సంగతి చెబితే ఆ పాత కథలు లెక్కలోకి రావని కొట్టిపారేస్తారు. ఎవరి లెక్కలోకో మాత్రం చెప్పరు.

అంతకన్నా బాధించేది మరొకటి ఉంది. ఈ వీరుల వారసత్వం గురించి తెల్లవార్లూ తగువులాడేవారికి, బ్యాట్‌మ్యాన్ వేషాన్నీ తొలి కథనూ తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లో చనిపోతే, సృష్టిలో అతడి వాటాను అధికారికంగా పేరు వేసి గుర్తించడానికి 2015 దాకా ఆగవలసి వచ్చిందన్న విషయం పట్టదు. సూపర్‌మ్యాన్‌ను ఊహించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు 1938లో హక్కులన్నీ ప్రచురణకర్తలకు 130 డాలర్లకు వదులుకున్నారు. బలవంతులు బలహీనులను దోచుకుంటే అంతగా ఆవేశపడే ఈ అభిమానులు, ఇదంతా విన్నాక కూడా, బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ తలపడితే ఎవరు గెలుస్తారన్న ప్రశ్న దగ్గరికే మళ్లీ వచ్చి కూర్చుంటారు. పైగా ఆ గెలుపు రాసేవాడి ఇష్టమంటే ఒక్కరూ ఒప్పుకోరు.