సవరణ: పిచ్చర్ రెండు పాదాలూ గాలిలో ఉండటం గురించి

అమెరికా హైస్కూల్ ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌ను పోలిన ఆట) నియమాలపై ఇంతకుముందు పెట్టిన పోస్టులో, బంతి విసిరే క్రమంలో పిచ్చర్ (అంటే బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాళ్లు) రెండు పాదాలూ ఒకేసారి నేలను వదిలితే అది నియమవిరుద్ధమైన పిచ్ అవుతుందని రాశాను. అది పొరపాటు. అక్కడి జాతీయ హైస్కూల్ సమాఖ్య నియమావళిలో 2023-24 నుంచి ఈ అంశం మారింది. నేను చూసినది అంతకుముందటి ప్రతి.

ప్రస్తుత నియమం ప్రకారం, పిచ్చర్ ప్లేటును (విసిరేముందు పాదం ఆనించే, నేలలో అమర్చిన పలకను) తన్నుకుని ముందుకు ఎగిరినప్పుడు రెండు పాదాలూ గాలిలో ఉన్నా తప్పు లేదు. దీన్ని లీప్ అంటారు. నిషేధం ఉన్నది క్రో హాప్ మీద: అంటే ప్లేటును వదిలిన పివట్ పాదాన్ని (తన్నుకునే పాదాన్ని), బంతి చేతిని వీడకముందే, ముందున్న నేలపై మళ్లీ గట్టిగా ఆనించి, ఆ కొత్త చోటు నుంచి రెండోసారి తన్నుకుని విసరడం. అలా చేస్తే ఆ ప్లేటుకూ బ్యాటర్ దగ్గరి హోమ్ ప్లేటుకూ మధ్య ఉండాల్సిన 43 అడుగుల నిర్ణీత దూరం నిజానికి తగ్గిపోతుంది, బ్యాటర్‌కు బంతిని చూసే సమయమూ తగ్గుతుంది. కాబట్టి గమనించాల్సింది పాదానికీ నేలకూ మధ్య ఖాళీని కాదు, తన్నుకున్న చోటును. మామూలు వేగంలో ఈ తేడా కంటికి అందడం కష్టమేనని ఒప్పుకోవాలి.

ముందడుగు ప్లేటు వెడల్పయిన 24 అంగుళాల పరిధిలోనే పడాలని ఆ పోస్టులో రాసినది మాత్రం సరైనదే.