సిగ్గుపరిస్తే సరిపోదు

విజయవాడ బందరు రోడ్డు మీద రాత్రి పది దాటాక సైలెన్సర్లు మార్చిన బైకులు చెవులు చిల్లులు పడేలా దూసుకుపోవడం, పుట్టినరోజు కేకును నడిరోడ్డు మీదే కోసి అట్టపెట్టెలూ నురగ డబ్బాలూ అక్కడే వదిలిపోవడం నగరవాసులకు అలవాటైపోయాయి. ఆసుపత్రుల చుట్టూ నిశ్శబ్ద మండలంలో రాత్రిపూట మోత 40 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నా వినేవారు లేరు. ‘ఈ కాలం పిల్లలకు సిగ్గూ లజ్జా లేవు’ అని పెద్దలు తేల్చేస్తున్నారు. ఆ తీర్పుతో మేము ఏకీభవించలేము. ఈ పిల్లలకు సిగ్గు బాగానే ఉంది. అది ఎవరి ముందు కలుగుతోందన్నదే ఆలోచించవలసిన విషయం.

సిటీ బస్సులో ఫోను మోత పెట్టి వీడియోలు చూస్తున్న కుర్రాణ్ణి పక్క సీటులోని పెద్దావిడ ‘కాస్త తగ్గించు నాయనా, తల పగిలిపోతోంది’ అని అడిగితే, అతను ముందు చూసేది తన స్నేహితుల వైపు. వాళ్లలో ఒకడు నవ్వితే మోత ఇంకాస్త పెరుగుతుంది. ఆమె మాట వింటే జట్టులో చులకనైపోతానన్న సిగ్గే అతని చేత ఆ పని చేయిస్తుంది. పల్లెలో అయితే అరుగు మీది పెద్దమనిషి ‘నువ్వు ఫలానావారి అబ్బాయివి కదూ’ అంటే చాలు, ఇంటి పరువు గుర్తొచ్చేది. బెంజి సర్కిల్‌లో ఆ మాట అనగలవారెవరు? అలాగని ఆ పాత కట్టడిని తిరిగి తెమ్మని మేము కోరడం లేదు. ‘నలుగురు ఏమనుకుంటారో’ అన్న ఆ భయమే ఎందరో ఆడపిల్లల చదువు మాన్పించింది, కులం దాటిన పెళ్లిళ్లను హత్యల దాకా తెచ్చింది.

జపానును పరువుకు వెరిచే సమాజంగా, పాశ్చాత్య దేశాలను మనస్సాక్షికి వెరిచే సమాజాలుగా అమెరికా మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ 1946లో విభజించారు. ఆ గీత అంత సూటిగా లేదని తర్వాతివారు ఆక్షేపించారు. 2022లో ఖతార్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో జపాను అభిమానులు తమ జట్టు ఆడని తొలి మ్యాచ్ ముగిశాక కూడా స్టేడియంలో చెత్త ఏరారు. ఏరకపోయినా వారిని వేలెత్తి చూపేవారు లేరు. బడిలో తరగతి గదులను పిల్లలే ఊడ్చుకునే దేశం అది. నలుగురి కోసం మొదలైన అలవాటు వారిలో ఒంటికి పట్టిపోయింది.

తాను చెడ్డవాణ్నని కుంగిపోయేవారు కోపం తెచ్చుకుని నెపం ఎదుటివారి మీదకు నెట్టే అవకాశం ఎక్కువని, తాను చేసిన పని చెడ్డదని బాధపడేవారు దాన్ని సరిదిద్దుకోవడానికి ముందుకొస్తారని మనస్తత్వవేత్త జూన్ టాంగ్నీ పరిశోధనలు చూపాయి. పట్టుబడిన కుర్రాళ్ల చేత గుంజీలు తీయించి ఆ వీడియోలను లోకానికి చూపడం మొదటి దారి. దానివల్ల పగ మిగులుతుంది; ఒక్కోసారి ఆ వీడియోతోనే వాడు జట్టులో హీరో అవుతాడు. రోడ్డు మీద చెత్త వేసినవారికి కొట్టొచ్చినట్టు కనిపించే చొక్కా తొడిగి నలుగురిలో ఊడ్పించే శిక్షను సింగపూర్ 1992లో తెచ్చింది. ఊడ్పించడం సబబే, ఊరేగింపు అక్కర్లేదు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, తాగి బహిరంగంగా అల్లరి చేసే నేరానికి సమాజసేవను శిక్షల్లో చేర్చింది. పద్దెనిమిదేళ్లలోపు వారికి 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఆ వీలు ముందే ఉంది. బైకు మోతకూ, రోడ్ల మీద చెత్తకూ దాన్ని విస్తరించాలి. జరిమానా ఎంతైనా తండ్రి కట్టేస్తాడు, కొడుక్కి ఏదీ తగలదు. అదే కుర్రాణ్ణి గుంటూరు జీజీహెచ్‌లోనో విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో వారం రోజులు రాత్రి డ్యూటీలో స్ట్రెచర్లు తోయమంటే, హారన్ మోగినప్పుడల్లా కాలు విరిగిన రోగి ఉలిక్కిపడి మూలగడం కళ్లారా చూస్తాడు. ఆ పని ఫొటోలు తీయకుండా, పేరు బయటపెట్టకుండా జరగాలి. అబ్బాయిని విడిపించమని పైనుంచి వచ్చే ఫోన్లకు పోలీసులు లొంగకూడదు.