విఫలం కాగల ఫంక్షన్ ఆ సంగతి ముందే చెప్పాలి

2025 నవంబరు 18న, ఎన్నో వెబ్‌సైట్ల రాకపోకలను తన గుండా నడిపించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో అంతరాయం వచ్చి ఎక్స్ నుంచి చాట్‌జీపీటీ దాకా ఎన్నో సేవలు గంటల తరబడి మొరాయించాయి. ఆ తర్వాత ప్రోగ్రామర్ల చర్చంతా ఒక్క చోటే తిరిగింది: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌లోని ఒక అన్‌వ్రాప్ (ఫలితాన్ని విప్పి ఇచ్చే, అందులో లోపముంటే ప్రోగ్రామునే ఆపేసే ఆదేశం). భద్రతకు మారుపేరని చెప్పుకున్న భాష కూడా ఇంతేనా అని చాలామంది పెదవి విరిచారు. నేను ఒప్పుకోను. లోపాలను భాష ఎలా చూడాలన్న విషయంలో రస్ట్ ఎంచుకున్న దారే సరైనదనడానికి ఆ రోజు జరిగినదే సాక్ష్యం.

డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు వల్ల ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) అవే వరుసలను మళ్లీ మళ్లీ ఇచ్చింది. దాంతో బాట్‌లను (తమంతట తామే సైట్లలో తిరిగే ప్రోగ్రాములను) పసిగట్టడానికి వాడే ఫీచర్ల, అంటే గుర్తింపు లక్షణాల, ఫైలు ఉండాల్సినదానికంటే ఎంతో పెద్దదయింది. ఆ ఫైలును చదివే ప్రోగ్రాముకు 200 ఫీచర్ల పరిమితి ఉంది. మామూలుగా వాడుకలో ఉన్నవి 60 దాకా మాత్రమే. పరిమితి దాటగానే, చదవాల్సిన ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) తన వల్ల కాలేదని నిజాయితీగా ఫలితంలోనే చెప్పింది. దాన్ని కాల్ చేసిన, అంటే పనికి పిలిచిన, చోట ఉన్న అన్‌వ్రాప్ మాత్రం 'ఇక్కడ వైఫల్యం రాదు, వస్తే అంతా ఆగిపోనీ' అని హామీ ఇచ్చి కూర్చుంది. హామీ తప్పింది. కానీ ఆ హామీ కోడ్‌లో రాసి ఉంది! సమీక్షించేవారు దానిమీద వేలు పెట్టి 'ఎందుకు?' అని అడగవచ్చు. వెతికితే దొరుకుతుంది. కావాలంటే రస్ట్ కోడ్‌ను తనిఖీ చేసే క్లిపీ లాంటి పరికరంతో దాన్ని నిషేధించవచ్చు. అదే తర్కాన్ని పైథాన్‌లోనో, సీ షార్ప్‌లోనో ఎక్సెప్షన్‌తో (లోపం వస్తే మామూలు దారి వదిలి పైకి ఎగిరే సంకేతంతో) రాసి ఉంటే ఆ కాల్‌కూ పక్క వరుసలోని కాల్‌కూ తేడా కనిపించేది కాదు. అడగాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

ఎక్సెప్షన్‌ను పట్టుకోవడానికి ట్రై, క్యాచ్ అనే మాటలు పెట్టాలా, కుండలీకరణాలు ఎక్కడ రావాలి, చివర్లో తప్పక నడిచే ఫైనల్లీ ఉండాలా అన్నవి రెండో వరుస ప్రశ్నలు. భాషను రూపొందించేవారు ముందుగా తేల్చాల్సినవి రెండు. ఈ ఫంక్షన్ విఫలం కాగలదని దాని సిగ్నేచర్ (ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో చెప్పే తలకట్టు) చెబుతుందా? కాల్ చేసే వాక్యంలో అది కంటికి కనిపిస్తుందా? రెండింటికీ అవునని చెప్పలేని భాష తన లోపాలను వాడేవారి నెత్తిన రుద్దుతోందనే నేనంటాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం రూపొందించిన క్లూ భాషలో ప్రతి ప్రొసీజరూ తాను పంపగల సంకేతాలను తన తలకట్టులోనే ప్రకటించాలి. అంతకంటే విలువైన నియమం ఇంకొకటి ఉంది: ఆ సంకేతం నేరుగా కాల్ చేసినవారికే చేరుతుంది, వారిని దాటి దానంతట అది పైకి పోదు. వారు పట్టించుకోకపోతే అది 'ఫెయిల్యూర్' అనే ఒకే సాధారణ సంకేతంగా మారిపోతుంది. దీని వెనుక ఉన్న తర్కం గట్టిది. ఒక బ్యాంకు ప్రోగ్రాము 'ఖాతాలో నిల్వ ఎంత' అని అడిగిందనుకుందాం. దానికి తెలిసింది నిల్వ గురించి మాత్రమే. నాలుగు అంతస్తుల కింద ఎక్కడో పుట్టిన 'సాకెట్ మూసుకుపోయింది' అనే ఎక్సెప్షన్ మధ్యలో ఎవరూ ఆపకుండా దాని ఒళ్లో వచ్చి పడితే అది చేయగలిగేది ఏముంది? అప్పటికి డబ్బు ఒక ఖాతాలో తగ్గి రెండో ఖాతాలో పెరిగిందో లేదో కూడా దానికి తెలియదు.

జావా ఈ వారసత్వంలో సగమే తీసుకుంది. ప్రకటించాలన్న నియమాన్ని ఉంచి, మధ్య అంతస్తులను దాటిపోయే స్వేచ్ఛను వదలలేదు. దానికి తోడు వైఫల్యం ఉందా లేదా అన్నదే కాక, అది ఏ రకమో కూడా ప్రతిచోటా రాయమంది. సీ షార్ప్ ముఖ్య రూపకర్త ఆండర్స్ హెల్స్‌బర్గ్ 2003లో ఒక ఇంటర్వ్యూలో దీన్ని గట్టిగా తప్పుపట్టారు. కొత్త వెర్షన్‌లో ఒక్క ఎక్సెప్షన్ చేర్చినా పాత కోడ్ విరిగిపోతుందని, పెద్ద వ్యవస్థల్లో ఈ జాబితాలు చాంతాడంత అవుతాయని, విసిగిన ప్రోగ్రామర్లు ఖాళీ క్యాచ్ రాసి చేతులు దులుపుకుంటారని ఆయన వాదన. 2014లో జావా 8 లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక ఇబ్బంది మరింత పెరిగిన మాటా నిజమే. జావా తర్వాత వచ్చిన కోట్లిన్ భాష ఆ నియమాన్ని అసలు దగ్గరికే రానివ్వలేదు.

రోగ నిర్ధారణలో హెల్స్‌బర్గ్ సగం సరే, సీ షార్ప్‌లో ఆ నియమాన్నే లేకుండా చేసిన చికిత్స మాత్రం పూర్తిగా తప్పు. ఖాళీ క్యాచ్‌లు ఎందుకు పుట్టాయి? జావాలో లోపాన్ని మింగేయడం తేలిక, మర్యాదగా పైకి అందించడం కష్టం. మనిషి తేలికైన దారే పడతాడు. మూల్యం చిన్నది కాదు. టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో కసాండ్రా, హెచ్‌బేస్, హెచ్‌డీఎఫ్‌ఎస్, మ్యాప్‌రెడ్యూస్, రెడిస్ అనే డేటా వ్యవస్థల్లో వచ్చిన 198 వైఫల్యాలను పరిశీలించారు. వాటిలో వ్యవస్థను కుప్పకూల్చిన పెను వైఫల్యాల్లో 92 శాతానికి కారణం, అప్పటికే ప్రోగ్రాము స్పష్టంగా తెలిపిన చిన్న లోపాన్ని సరిగా చూసుకోకపోవడం. 35 శాతం మరీ దారుణం: ఖాళీగా వదిలేసిన హ్యాండ్లర్లు (లోపం వస్తే నడవాల్సిన కోడ్), లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసి ఊరుకున్నవి, 'తర్వాత చేయాలి' అని వ్యాఖ్య పెట్టి మరచిపోయినవి. లోపం సంగతి యంత్రం చెప్పింది, వినే మనిషే కరువయ్యాడు.

అందుకే 2016 నవంబరులో రస్ట్‌లోకి వచ్చిన చిన్న ప్రశ్నార్థక గుర్తును నేను ఇంత గొప్పగా చూస్తాను. కాల్ చివర ఆ ఒక్క అక్షరం పెడితే లోపం పై ఫంక్షన్‌కు వెళుతుంది, అది వెళ్లే చోటు చదివేవారికి కనిపిస్తుంది. మంచి పని చేయడం చెడ్డ పని కంటే చౌక అయింది. 2015 నుంచి స్విఫ్ట్ భాష కూడా విఫలం కాగల ప్రతి కాల్ ముందూ 'ట్రై' రాయమంటోంది. ఏ రకం లోపమో చెప్పే వీలును 2024లో స్విఫ్ట్ 6లో చేర్చినా, దాన్ని ఐచ్ఛికంగానే ఉంచింది. జావా తడబడింది సరిగ్గా ఇక్కడే. నూటికి తొంభై చోట్ల మనకు కావలసింది 'ఇది విఫలం కావచ్చు' అన్న ఒక్క ముక్కే.

మనసులో ఉన్న నమ్మకం కోడ్‌లో లేకపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న ఐరోపా రాకెట్టు ఏరియాన్ 5 తొలి ప్రయోగం చూపించింది. దిశను లెక్కగట్టే, ఏడా అనే భాషలో రాసిన ప్రోగ్రాములో ప్రమాదం ఉందని గుర్తించిన చలరాశులు ఏడు. నాలుగింటికి రక్షణ కల్పించి, ప్రాసెసర్ మీద భారం పెరగకూడదని మూడింటిని వదిలేశారు. వాటి విలువలు హద్దు దాటవన్నది నమ్మకం. ఏరియాన్ 4 వేగాలకు అది నిజం, ఏరియాన్ 5కు కాదు. 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్లలో పట్టక ఎక్సెప్షన్ వచ్చింది. వస్తే ప్రాసెసర్‌ను ఆపేయాలన్నది నిర్దేశం. అదే ప్రోగ్రామున్న రెండో యంత్రం అప్పటికే అదే కారణంతో ఆగిపోయి ఉంది. ప్రధాన ఇంజిన్ జ్వలన క్రమం మొదలైన 37 సెకన్లకు దిశ సమాచారం పూర్తిగా పోయింది; రాకెట్టుతో పాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు నాశనమయ్యాయి. ఆ మూడింటిని ఎందుకు వదిలేశారో సోర్స్ కోడ్‌లో ఎక్కడా నేరుగా రాసి లేదని విచారణ సంఘం నివేదిక నమోదు చేసింది. ఆ మార్పిడి విఫలం కావచ్చని భాషే రాయించి ఉంటే, ఏరియాన్ 5 కోసం కోడ్‌ను మళ్లీ చదివినవారి కంట అది పడేది.

ఈ జబ్బు ప్రోగ్రామింగ్ భాషలతో ఆగదు. మన దగ్గర ప్రభుత్వ సేవలను కంప్యూటర్లలోకి ఎక్కించే ప్రతిచోటా అన్నీ సవ్యంగా జరిగే దారిని ముందు కట్టి, తప్పే దారిని తర్వాత చూద్దాంలే అని వదిలేస్తున్నారు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడని వృద్ధులు, రాళ్లు కొట్టి వేళ్లు అరిగిన కూలీలు ఎంతమందో రెండు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. ఆధార్ 2010లో మొదలైంది. వేలిముద్ర పడలేదన్న కారణంతో ఎవరికీ సరుకులు నిరాకరించవద్దని, అలాంటి మినహాయింపులను ఎలా నిర్వహించాలో చెబుతూ, ఆధార్‌ను నిర్వహించే ఉడాయ్ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది 2017 అక్టోబరులో. ఏడేళ్ల తర్వాత రాసిన హ్యాండ్లర్ అది! అదీ సర్క్యులర్‌లోనే, యంత్రం బయట. ఎదుట నిలబడ్డ ముసలమ్మను పేరు పెట్టి పలకరించే డీలరుకు ఆమె ఎవరో తెలుసు. నిర్ణయం తీసుకునే అధికారం మాత్రం ఎక్కడో సర్వరు దగ్గర ఉంటుంది.

ఈ సాఫ్ట్‌వేర్ రాసేవారు హైదరాబాద్‌లో, విశాఖలో మన మధ్యే ఉన్నారు. రాయించే శాఖలు టెండరులోనే ఒక షరతు పెట్టవచ్చు: ప్రతి సేవా ఏయే విధాలుగా విఫలం కాగలదో, ఒక్కోదానికి అక్కడికక్కడే ఎవరు ఏ నిర్ణయం తీసుకోవచ్చో డిజైన్ పత్రంలో రాసివ్వాలి. వేలిముద్ర పడకపోతే కారణమూ, తర్వాత చేయాల్సిన పనీ తెలుగులో ముద్రించిన చీటీ ఆ మనిషి చేతికి రావాలి. ఇవి లేని డిజైన్‌కు మొదటి బిల్లు కూడా చెల్లించకూడదు.