నాయకురాలికి జీరో టికెట్టు

మా ఊరి వలస సమస్య తీరిపోయినట్టే. ఎలా తీరుతుందో మొన్న రైతు వేదికలో మూడు రోజుల పాటు చెప్పారు. ఊరి ఆడపిల్లలను చదివించి నాయకురాళ్ళను చేయాలి. వాళ్ళు ఊరిని బాగు చేస్తారు. బాగుపడ్డ ఊరిని వదిలి ఎవరూ ముంబై బస్సెక్కరు. ఇది విన్నాక నాకు సిగ్గేసింది. పాలమూరు వలసలకు కరువు, అప్పు, కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు కారణాలనుకుని ఇన్నేళ్ళూ ఊరికే బాధపడ్డాను. మా పిల్లలకు కమ్యూనికేషన్ స్కిల్స్ లేకపోవడం వల్ల జనం పోతున్నారన్న సంగతి తట్టనే లేదు.

శిబిరం ఘనంగా జరిగింది, ఒప్పుకోవాలి. పన్నెండు అడుగుల ఫ్లెక్సీ కట్టారు. "మహిళా నాయకత్వం – వలస లేని గ్రామం" అని పెద్దక్షరాలు. పైన పెద్దల బొమ్మలు ఏడు, కింద మూలకు సర్పంచి గారి బొమ్మ, దాని పక్కనే రెండింతల సైజులో సర్పంచి గారి భర్త బొమ్మ. శిక్షణకు వచ్చిన అమ్మాయిల బొమ్మ ఒక్కటీ లేదు. చోటు చాలలేదట. ఆయనే మైకు తీసుకుని, ఆడపిల్లలు ముందుకు రావాలని పిలుపునిచ్చారు. ఆ వెంటనే ముందు వరుసలోని అమ్మాయిలను లేపి, ఆ కుర్చీల్లో ఆఫీసర్లను కూర్చోబెట్టారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్ గారు మొదటి రోజంతా కంఫర్ట్ జోన్ దాటి బయటికి రమ్మని చెప్పారు. మనవరాలికి తోడుగా వచ్చిన ఒక అవ్వకు అది ఏ ఊరో అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల, "ఉన్న కాడ ఉండకుండ బయటికి పోవాలంటున్నడు అవ్వా" అని విడమరిచి చెప్పింది. "మా కొడుకు, కోడలు పోయిన్రు గద బిడ్డా, పుణెకు. ఇంకెంత దూరం పోవాలె?" అంది అవ్వ.

రెండో రోజు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె లేచింది. "సార్, నాకు ఆఖరి క్లాసు అయ్యేసరికి మా ఊరి బస్సు పోతది. ఏం చెయ్యాలె?" లీడర్లు కంప్లయింట్ చేయరు, సొల్యూషన్ వెతుకుతారని ట్రైనర్ గారు బోర్డు మీద రాశారు. అందరూ నోట్‌బుక్కుల్లో ఎక్కించుకున్నారు. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణం ఉచితం గనక ఆ అమ్మాయికి జీరో టికెట్టు గ్యారంటీ. సాయంత్రం అయిదు దాటాక మా రూటులో తిరిగే బస్సులూ జీరోనే. లెక్క సరిపోయింది.

ఆడవాళ్ళ నాయకత్వం మాకు కొత్తేం కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకు వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఇచ్చింది. తర్వాత మన దగ్గర అది సగమైంది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలోనూ సగమే. అలా వచ్చిన మా సర్పంచి గారికి గ్రామసభ రోజే ఒంట్లో బాగుండదు. మర్నాడు పత్తి చేలో మామూలుగానే కనిపిస్తుంది. బిల్లులు పాసయ్యే డిజిటల్ కీ భర్త గారి చొక్కా జేబులో, బీడీ కట్ట పక్కన ఉంటుంది. ఓటీపీ వచ్చే ఫోనూ ఆయనదే. బొటనవేలు మాత్రం ఇంకా ఆమె దగ్గరే ఉంది, దాన్ని విడిగా జేబులో వేసుకునే పద్ధతి రాలేదు గనక.

ఆడవాళ్ళకు చదువు చెబితే ప్రమాదం కదా అని కొందరికి భయం ఉండొచ్చు. ఆ భయం ఉత్తది కాదు. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు పెట్టి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పారు. నేర్పింది అక్షరాలే, పాపం. కానీ వాచకంలో, ఆడవాళ్ళంతా ఒక్కటై సారా కొట్టు మూయించిన కథ ఒకటి దూరింది. దూబగుంట ఆడవాళ్ళు దాన్ని చదివి ఊరుకోవాల్సింది. 1992లో తమ ఊళ్ళో కొట్టు మూయించారు. ఆ గొడవ జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా పోయింది. 1997లో దాన్ని ఎత్తేసేదాకా ఖజానాకు ఊపిరాడలేదు.

ఆ పొరపాటు మళ్ళీ జరగకుండా మా శిబిరంలో కథల జోలికి పోకుండా నేరుగా నాయకత్వమే నేర్పారు. మూడు రోజుల్లో కూలి రేట్ల మాట రాలేదు, ఉపాధి పని డబ్బులు ఎప్పుడు పడతాయన్న మాటా రాలేదు. బెల్టు షాపు ఊసే లేదు. సమోసాలు తెప్పించింది ఆ షాపాయనే. చివరి దాకా కూర్చుని చప్పట్లు కూడా కొట్టాడు.

ఇక అసలు చిక్కు. దేశంలో ఊరు మారిన ఆడవాళ్ళలో నూటికి 86 మందికి పైగా పెళ్ళి వల్లే మారారని 2020-21 సర్కారు సర్వే తేల్చింది. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని మన పెద్దవాళ్ళు ఏ సర్వే లేకుండానే చెప్పారు. అంటే వలస ఆపడానికి మేం ఎంచుకున్న మనిషే అందరికంటే ముందు వలస పోవాల్సిన మనిషి. ముంబై పోయినవాడు ఉగాదికో, ఓట్లకో వస్తాడు. మేళతాళాలతో సాగనంపిన పిల్ల పండక్కి చుట్టంలా వచ్చి పోతుంది.

ఈ వలసకు సర్కారు సాయం కూడా ఉంది. ఆడపిల్ల పెళ్ళికి డబ్బిచ్చే కల్యాణలక్ష్మి పథకం 2014లో 51,000 రూపాయలతో మొదలై 1,00,116కు పెరిగింది. పద్దెనిమిది నిండాలన్న షరతు వల్ల తొందరపాటు పెళ్ళిళ్ళు కొన్నైనా వాయిదా పడ్డాయి, ఆ మాట కాదనను. కానీ "నేను ఊళ్ళోనే ఉంటాను, ఊరి పని చేస్తాను" అనే పిల్లకు లక్షా నూట పదహారు ఇచ్చే పథకం ఏదో నాకైతే కనపడలేదు.

అందుకే మూడో రోజు లేచి నా వంతు సలహా ఇచ్చాను: నాయకురాళ్ళు ఇక్కడే ఉండాలంటే అల్లుళ్ళనే ఇల్లరికం తెచ్చుకుందాం. సర్పంచి గారి భర్తకు టెన్షన్ వచ్చింది. "మన మొగపోరలు బొంబాయికి, పరాయోళ్ళ మొగపోరలు మన ఇండ్లకా? ఊరి పరువేం గావాలె సారూ?" అన్నారు. ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. నా సలహాను మినిట్స్‌లో రాయలేదు.

సాయంత్రం సర్టిఫికెట్లు పంచారు. బస్సు గురించి అడిగిన అమ్మాయికి బెస్ట్ లీడర్ షీల్డు వచ్చింది. వాళ్ళ నాన్న సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెండ్లి బయోడేటాల పెట్టొచ్చునా సారూ?" అని అడిగాడు. తప్పకుండా పెట్టండి, వెయిట్ పెరుగుతుందన్నారు ట్రైనర్ గారు.

చీకటి పడుతుండగా ముంబై బస్సు వచ్చి రైతు వేదిక ముందే ఆగింది. బియ్యం మూటలు, బిందెలు, చుట్టిన చాపలు పైకెక్కించారు. దారిలో వాన ఉందని ఎవరో అంటే, ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఫ్లెక్సీ విప్పుకుపోయి సామాను మీద కప్పారు. సర్పంచి గారి బొమ్మ ఉన్న మూల తాడు కింద మడతపడింది. అక్షరాలున్న వైపు పైకి పెట్టి కట్టారు, నీళ్ళు జారిపోతాయని.