స్కోకీ హోలోకాస్ట్ మ్యూజియం: నాలుగు ఆరోపణలకు జవాబు

హోలోకాస్ట్ అంటే రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు యూదుల మీద సాగించిన మారణకాండ. దాన్ని గుర్తుచేసే మ్యూజియాల ఊసెత్తితే చాలు, ఒకే వాదన రకరకాల రూపాల్లో చక్కర్లు కొడుతుంది. "డబ్బున్న యూదులు సానుభూతి కోసం కట్టుకున్న భవనాలవి. వాళ్ల బాధ తప్ప ఇంకెవరి బాధా అక్కడ కనపడదు. అప్పట్లో బతికి బయటపడ్డ ఆ ముసలివాళ్లు పోతే అవీ మూతపడతాయి. అయినా ఇన్నేళ్లు చెప్పి ఏం సాధించారు, ద్వేషం తగ్గిందా?" మొదటి మూడు ముక్కలూ తప్పు. నాలుగోదానిలో కాస్త నిజం ఉంది, కానీ దాన్నుంచి తీసే తీర్మానం తప్పు.

షికాగో పక్కనే స్కోకీలో ఉన్న ఇల్లినాయ్ హోలోకాస్ట్ మ్యూజియం సంగతే చూద్దాం. షికాగో చుట్టుపక్కల ఊళ్లైన నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి మన పిల్లలు బడిలో చదివే పాఠాల వెనక ఈ మ్యూజియం పెట్టినవాళ్ల కష్టం కూడా ఉంది.

"డబ్బున్నవాళ్లు కట్టుకున్నారు."

1970ల్లో స్కోకీ జనాభా సుమారు 70 వేలు. అందులో సగానికి పైగా యూదులు. వాళ్లలో కొన్ని వేలమంది నాజీల చేతుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. చాలామంది తమకు జరిగింది కన్నపిల్లలకి కూడా చెప్పుకోలేదు. 1977లో ఫ్రాంక్ కాలిన్ అనేవాడి నాయకత్వంలో ఓ చిన్న అమెరికన్ నాజీ ముఠా, నాజీ గుర్తులున్న యూనిఫాంలు తొడుక్కుని ఏరికోరి ఆ ఊళ్లోనే కవాతు చేస్తామని బయల్దేరింది. 3,50,000 డాలర్ల బీమా చూపిస్తే తప్ప అనుమతి లేదంటూ ఊరి పాలకమండలి అడ్డు నిబంధనలు తెచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భావప్రకటన స్వేచ్ఛ పేరిట ఆ ముఠా తరఫున కోర్టులో నిలబడ్డ లాయరు డేవిడ్ గోల్డ్‌బర్గర్ కూడా యూదుడే. కోర్టుల్లో ఊరు ఓడిపోయింది. చివరికి 1978లో ఆ ముఠా స్కోకీ గడప తొక్కకుండా షికాగో నగరంలోనే ప్రదర్శన జరిపి సరిపెట్టుకుంది.

కవాతు రాలేదు కదా అని ఆ పెద్దవాళ్లు ఊరుకోలేదు. 1981లో ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు. మెయిన్ స్ట్రీట్‌లో దుకాణం లాంటి ఓ చిన్న చోటు చూసుకుని అక్కడే మ్యూజియం నడిపారు. బడులకి వెళ్లి, తరగతి గదిలో పిల్లల ముందు నిలబడి, ఇంట్లో కూడా నోరు విప్పనివాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్లు పట్టుబట్టడం వల్లే 1990లో ఇల్లినాయ్ ప్రభుత్వ బడుల్లో హోలోకాస్ట్ పాఠం తప్పనిసరి అయింది. అలాంటి చట్టం తెచ్చిన మొదటి అమెరికా రాష్ట్రం అదే.

ఇప్పుడున్న భవనం తలుపులు తెరిచింది 2009 ఏప్రిల్ 19న. అంటే ఫౌండేషన్ పుట్టిన 28 ఏళ్లకి, చట్టం వచ్చిన 19 ఏళ్లకి. దాతలు పెద్ద మొత్తాలే ఇచ్చారు, దాచాల్సిన పనేమీ లేదు. కాకపోతే ముందు పని జరిగింది, డబ్బు దాని వెనక వచ్చింది. 65,000 చదరపు అడుగుల ఆ కట్టడాన్ని ఆర్కిటెక్ట్ స్టాన్లీ టైగర్‌మన్ రెండు ముక్కలుగా గీశాడు. చూసేవాళ్లు నల్లటి భాగంలోంచి లోపలికి వెళ్లి తెల్లటి భాగంలోంచి బయటికి వస్తారు. ఆ రెండూ కలిసేచోట ఒక పాత జర్మన్ రైలు పెట్టె ఉంటుంది, మనుషుల్ని కుక్కి నాజీ క్యాంపులకి తోలిన తరహాది. సానుభూతి అడుక్కోవడానికి కట్టిందే అయితే, ఇంత నేర్పుగా ప్రతి మెట్టులోనూ ఆలోచింపజేసేలా ఉండేది కాదు.

"వాళ్ల బాధ ఒక్కటే చూపిస్తారు."

ఈ మాట అనేవాళ్లు ఆ చట్టం ఒక్కసారైనా చదవలేదు. 2005లో దాన్ని సవరించి, ఇతర జాతి హననాలు కూడా బోధించాలన్నారు. ఆర్మీనియా, ఉక్రెయిన్ కరువు, కంబోడియా, బోస్నియా, రువాండా, సూడాన్ పేర్లు చట్టంలోనే రాసి ఉన్నాయి. మ్యూజియం కూడా అదే దారిలో నడిచింది. మండేలా పోరాటం మీద ప్రదర్శన పెట్టింది. 2023లో, ఏ ఊళ్లో ఏ హోటల్ నల్లజాతి ప్రయాణికుడికి గది ఇస్తుందో, ఏ బంకు పెట్రోలు పోస్తుందో చెప్పిన పాతకాలపు గైడు మీద ప్రదర్శన నడిపింది. అమెరికా సొంత గడ్డ మీది పాపాన్ని యూదుల మ్యూజియం తన గోడల మధ్య చూపించింది. ఇంకేం కావాలి?

ఈ ఆరోపణ వెనక గాజా విషయంలో ఇజ్రాయెల్ మీద కోపం కూడా ఉందని తెలుసు. ఆ కోపం న్యాయమైనదే కావచ్చు, ఆ ప్రశ్న ఇలాంటి చోట్ల అడగాల్సిందే కూడా. కానీ ఒక దేశ ప్రభుత్వం ఇప్పుడు చేసేదానికి, పోలండ్‌లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని వచ్చి స్కోకీలో పిల్లలకి పాఠం చెప్పిన మనిషిని ముద్దాయిని చేయడం అన్యాయం.

"ముసలివాళ్లు పోతే మూతపడుతుంది."

ఫ్రిట్జీ ఫ్రిట్జ్‌షాల్ అనే ఆవిడ టీనేజీలో ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరానికి చేరింది. తర్వాత మరో 599 మంది ఆడవాళ్లతో కలిపి వెట్టిచాకిరీ చేయించడానికి ఒక ఫ్యాక్టరీకి పంపారు. అందరిలోకీ చిన్నది. తమకు దొరికే రొట్టెలోంచే ఆ ఆడవాళ్లు తలా ఒక తునక ఆమెకి పెట్టారు. బదులుగా ఒక మాట తీసుకున్నారు: నువ్వు బతికితే మా సంగతి లోకానికి చెప్పు. ఆవిడ బతికింది, ఆ మాట మీదే నిలబడింది. 2021లో చనిపోయేదాకా ఈ మ్యూజియానికి అధ్యక్షురాలిగా ఉంది.

ఆవిడ పోతే ఆ మాట పోకూడదనే ముందుచూపుతో 2017లో హోలోగ్రామ్ థియేటర్ తెరిచారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లలో కొందరిని కూర్చోబెట్టి, కెమెరాల మధ్య రోజుల తరబడి ఒక్కొక్కరినీ వందల ప్రశ్నలు అడిగి, జవాబులు రికార్డు చేసి పెట్టుకున్నారు. వేదిక మీద కూర్చున్నట్టు కనపడే ఆ మనిషిని పిల్లలు తమకు తోచింది అడగొచ్చు. చిన్నప్పుడు రెండేళ్లు ఒక ఇంటి అటకమీద దాక్కుని బతికిన ఆరన్ ఎల్‌స్టర్ 2018లో చనిపోయాడు. అడిగితే ఇవాళ్టికీ జవాబిస్తాడు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, కంప్యూటర్ అక్కడ కొత్త మాట అల్లదు. ఆయన బతికుండగా తన నోటితో చెప్పినవాటిలోంచి సరిపోయేది వెతికి పెడుతుంది, అంతే. చనిపోయినవాళ్ల నోట మాటలు పుట్టించే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో ఆ హద్దు చాలా ముఖ్యం.

"ఇన్నేళ్లు చెప్పినా ద్వేషం తగ్గలేదు."

నిజమే, తగ్గలేదు. 2020లో అమెరికా యువతరం మీద చేసిన ఒక సర్వేలో, 60 లక్షల మంది యూదుల్ని చంపారన్న సంగతి 63 శాతం మందికి తెలియదని తేలింది. దీన్ని చూపించి పాఠం వృథా అనేవాళ్లున్నారు. నాకైతే పాఠం ఇంకా చేరలేదనే కనపడుతోంది. చట్టం పాఠం చెప్పమంటుంది గానీ చెప్పడమెలాగో టీచరుకి నేర్పదు. అందుకే మ్యూజియాలు టీచర్లకి శిక్షణ ఇస్తున్నాయి. వాషింగ్టన్‌లోని జాతీయ హోలోకాస్ట్ మ్యూజియం 1999 నుంచి పోలీసులకి కూడా నేర్పుతోంది, ప్రజల్ని కాపాడాల్సిన జర్మన్ పోలీసు హంతకుల చేతిలో పనిముట్టు ఎలా అయ్యాడో చూపించి.

మన దగ్గర హిట్లర్ రాసిన పుస్తకం రైల్వే బుక్‌స్టాళ్లలో వ్యక్తిత్వ వికాస పుస్తకాల పక్కన దర్జాగా అమ్ముడుపోతుంది. ఆ పాఠం అక్కర్లేదనగల స్థితిలో మనం లేము.

ఇంకొకటి. 2021లో ఆసియన్ అమెరికన్ల చరిత్రని ప్రభుత్వ బడుల్లో తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం కూడా ఇల్లినాయే. అంటే మనలా వలస వెళ్లినవాళ్ల కథ కూడా ఇప్పుడు ఆ తరగతి గదుల్లో ఉంది. అక్కడ పిల్లల్ని చదివించేవాళ్లు ఈ రెండు పాఠాలూ ఏ తరగతిలో, ఎన్ని రోజులు, ఎవరు చెబుతున్నారో బడిలో అడిగి తెలుసుకోండి. తర్వాత మ్యూజియం తెరిచి ఉందో లేదో కనుక్కుని, ఓ ఆదివారం పిల్లల్ని స్కోకీ తీసుకెళ్లండి.