1.9 పెద్దదా, 1.24 పెద్దదా?

మా లాప్‌టాప్ ఫ్యాన్‌కి ఈమధ్య పూనకం పట్టుకుంది. పనున్నా లేకపోయినా పిండిమర మోతే. ఆఫీసులో ఓ మిత్రుడు విని, "బయోస్ పాతబడి ఉంటుంది, కొత్తది వేసుకో" అనేసి టీకి వెళ్లిపోయాడు. బయోస్ అంటే స్విచ్ నొక్కగానే మెషీన్‌ని నిద్రలేపే, చిప్‌లో ఉండే ప్రోగ్రామ్. ఇలాంటివాటినే ఫర్మ్‌వేర్ అంటారు.

వేసుకోవాలంటే ముందు ఏ మోడలో తెలియాలి. అడుగున ఉన్న స్టిక్కర్ మీది అక్షరాలు నా ఒళ్లోనే అరిగిపోయాయి. నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చి, లాప్‌టాప్‌ని బోర్లించి చూశాను. చివర ఉన్నది 'ఏ' అక్షరమో, నాలుగంకో తేలలేదు. కిటుకంతా అక్కడే ఉంది. ఒకటి ఇంటెల్ ప్రాసెసర్‌ది, రెండోది ఏఎండీది. పేరు ఒకటే అయినా, దీని ఫర్మ్‌వేర్ దానికి పనికిరాదు. అరగంట కళ్లు చికిలించాక వెలిగింది: కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి 'సుడో డీఎంఐడీకోడ్' అని కొడితే మోడలూ, బయోస్ వెర్షనూ అదే చెబుతుంది కదా! కొట్టాను. వెర్షన్ 1.9 అంది.

కంపెనీ సైటు చూస్తే అన్నీ విండోస్ కోసం చేసిన ఈఎక్స్ఈ ఫైళ్లే. నాది ఉబుంటు, విండోస్ బదులు వాడే లైనక్స్‌లో ఓ రకం. అయినా ఆశ చావక ఒకటి దింపి డబుల్ క్లిక్ చేశాను. ఫైళ్ల మూటలు విప్పే ఆర్కైవ్ మేనేజర్ తెరుచుకుని నా వంక చూసింది, నేను దాని వంక చూశాను. సరే, అసలు కొత్తదంటూ ఉందా అని జాబితా చూస్తే అన్నిటికన్నా పైన 1.9. ఎక్కడో కింద 1.24. నాకేదో తేడా కొట్టింది.

మా నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. "ఇందులో అనుమానమేముందిరా? 1.9 అంటే 1.90. 1.24 కంటే పెద్దది. ఆరో తరగతి పిల్లాడినడుగు" అన్నారు.

"అది దశాంశం కాదు నాన్నా, చుక్కకి అటొక సంఖ్య, ఇటొక సంఖ్య. తొమ్మిది తర్వాతెప్పుడో ఇరవై నాలుగు వస్తుంది. లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌నే చూడండి, 2020లో 5.9 వచ్చాక 5.10 వచ్చింది."

"5.10 అంటే 5.1. వెనక్కి నడిచిందన్నమాట."

ఆ సైటు వాళ్లూ ఆయన శిష్యులే కాబోలు, అదే వరసలో పేర్చారు.

చివరికి 'ఎఫ్‌డబ్ల్యూ అప్‌డీ' గుర్తొచ్చింది. చాలా కంపెనీలు తమ ఫర్మ్‌వేర్‌ని ఎల్‌వీఎఫ్ఎస్ అనే గిడ్డంగిలో పెడతాయి. ఈ ప్రోగ్రామ్ మన మెషీన్‌ని గుర్తుపట్టి, దానికి సరిపోయేదే అక్కణ్ణుంచి తెస్తుంది. ఉబుంటులో ముందునుంచే ఉంది, నేనే పలకరించలేదు. రెండు కమాండ్లకే "1.9 ఉంది, 1.24 సిద్ధం" అంది. భూతద్దం తీసి అలమరలో పెట్టేశాను.

సరేనంటే, ముందు ఛార్జర్ పెట్టమంది. పెడదామంటే ప్లగ్గులో అమ్మ గ్రైండర్ ఉంది. ఇడ్లీ పిండి అయ్యేదాకా ఫర్మ్‌వేరూ నేనూ వరండాలో కూర్చున్నాం.

అయ్యాక రీస్టార్ట్ కొట్టాను. ఫైలుని డిస్కులో ఓ మూల పెట్టడమే లైనక్స్ పని, చిప్‌లోకి ఎక్కించుకునేది మెషీనే. నల్ల తెర, కంపెనీ బొమ్మ, కింద నత్తలా కదిలే గీత, 'ఆపవద్దు' అన్న హెచ్చరిక. ఫ్యాన్ రైలింజన్‌లా అరిచింది. అంతలో తెర మొత్తం ఆరిపోయింది. నా గుండె కూడా. రెండుసార్లు దానంతటదే ఆగి లేచిందని తర్వాత అర్థమైంది గానీ, ఆ నిమిషంలో మాత్రం ఇంటి ఇలవేల్పుకి కొబ్బరికాయ మొక్కేశాను.

ఉబుంటు వచ్చింది. వెర్షన్ 1.24. ఫ్యాన్ కిక్కురుమనలేదు.

నాన్నగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "నేను చెప్పలా? అంకె తగ్గింది, మోతా తగ్గింది" అన్నారు.