పందికొక్కు అంటే అంత నామోషీయా?

మొన్న ఇక్కడ ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్ల ఉగాది వేడుకల్లో కవి సమ్మేళనం తర్వాత జరిగిన పిల్లల కార్యక్రమం మీరూ చూసే ఉంటారు. ఇంగ్లీషులోకి వెళ్లిన తెలుగు మాట ఒకటి చెప్పమంటే ఓ చిన్నపాప మైకు పట్టుకుని, "బాండికూట్. మన పందికొక్కే అలా మారింది" అంది. "పండగ పూట అదొక్కటే దొరికిందా తల్లీ?" అన్నారు యాంకరు గారు. హాలంతా ఒకటే నవ్వు. పాప వెళ్లి వాళ్లమ్మ కుచ్చిళ్లలో మొహం దాచుకుంది. భోజనాల క్యూలో కూడా అదే జోకు.

పాప చెప్పింది అక్షరాలా నిజం. మన దగ్గర విన్న పందికొక్కును ఇంగ్లీషువాళ్లు బాండికూట్ చేసుకున్నారు. తర్వాత ఈ ఆస్ట్రేలియాలో పొడుగు మూతితో నేల తవ్వే జంతువు కనబడితే దానికీ అదే పేరు తగిలించారు. రెంటికీ చుట్టరికమేమీ లేదు. మనది ఎలుక జాతి. ఇక్కడిది కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి మూతి వెనక్కి తిరిగి ఉంటుంది! పెర్త్ వైపు ఆదివాసులైన నూంగార్ ప్రజలు తమ దగ్గరి బాండికూట్‌ను క్వెండా అంటారు. అలాంటి పేర్లను పక్కకు నెట్టి మన మాట కూర్చుందన్నదీ ఒప్పుకోవాలి.

నవ్వినవాళ్లను మరీ తప్పుపట్టలేను. మా కృష్ణా డెల్టాలో పందికొక్కంటే ఎవరికి ప్రేమ? కోతల ముందు గట్లకు బొరియలు పెట్టి వరికంకులు లోపలికి లాక్కుపోయేది. యానాదులు వచ్చి పొగపెట్టి పట్టేవారు, బొరియలో దొరికిన ధాన్యం వాళ్లదే. మా నాయనమ్మ "పందికొక్కులా మేస్తున్నావురా" అంటూనే ఇంకో గరిటె వడ్డించేది. ఇక ఎదుటి పార్టీని పందికొక్కులని తిట్టని నాయకుడెవరు?

కానీ ఇక్కడి బాండికూట్ ఏ గాదెనూ దోచుకోలేదు. విక్టోరియాలో చారల బాండికూట్ అడవిలో అంతరించిపోయిన దశ నుంచి, ఏళ్ల తరబడి పెంచి వదిలితే, 2021లో ప్రమాదంలో ఉన్న జాతి అనే స్థాయికైనా కోలుకుంది. మన వాట్సాప్ గ్రూపులో మాత్రం "లాన్‌లో గుంతలు పెడుతోంది, బోను ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతున్నారు. అది పురుగుల కోసం తవ్వుకుంటోందండీ. పైగా చట్టం కాపాడే జంతువు.

కమిటీ వారికి ఒక్కటే మనవి. మన తెలుగు బడి వాచకంలో ప అంటే పలక, పడవ ఉన్నాయి. వాటి పక్కన పందికొక్కునూ చేర్చండి, అక్కడిదీ ఇక్కడిదీ రెండు బొమ్మలతో. బొమ్మలు గీసే పూచీ నాది. కొత్త వాచకం అచ్చుకు వెళ్లేలోగా మీరు ఊ అంటే చాలు.